ఆ కొండలు ఒకప్పటి పాలమూరే

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇటలీ ద్రాక్ష కొండల్లో గైడుతో కలిసి నడిచే విహారయాత్ర మీద రెండు పేజీల వ్యాసం వేశారు. ఫొటోలు బాగున్నాయి. తర్వాతి వారం ఉత్తరాల శీర్షికలో ఒక పాఠకుడు 'తాగడానికి అంత దూరం పోవాలా, వీధి చివరి షాపు చాలదా' అని ఎద్దేవా చేశారు. వ్యాసం రాసినవారు ఆ కొండల్ని స్వర్గం చేశారు. ఉత్తరం రాసినవారు సారా కొట్టు చేశారు. నేను ఆ కొండల్లో మందు ముట్టకుండా నడిచి వచ్చినవాణ్ని. అది రెండూ కాదని చెప్పడానికే ఈ ఉత్తరం. కాస్త పెద్దదైంది. కత్తిరించక తప్పకపోతే మొదటి సగం కత్తిరించండి, కూలీల సంగతి మాత్రం ఉంచండి.

నేను ఉద్యానశాఖలో పనిచేసి రిటైరయ్యాను. నల్లగొండ బత్తాయి తోటల్లో, కొల్లాపూర్ మామిడి తోటల్లో తిరిగిన కాళ్లు ఇవి. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో, అంటే మన పాలమూరులో ఉంటున్నాం. మా అమ్మాయి టురిన్‌లో చదువుకుని అక్కడే ఉద్యోగంలో చేరింది. అమ్మానాన్నల్ని రమ్మంటే రోమ్, వెనిస్ చూపిస్తుందేమో అనుకున్నాం. తీసుకెళ్లి లాంగె అనే కొండ ప్రాంతంలో ఒక నడక బృందంలో చేర్చింది. 'నాన్నా, నీకు చర్చిల కంటే చేలే నచ్చుతాయి' అంది. నిజమే.

ఆల్బా అనే చిన్న పట్టణం చుట్టూ పరుచుకున్న గుట్టలవి. బరోలో, బార్బరెస్కో అని వైన్ల పేర్లు వింటాం కదా, అవి అక్కడి ఊళ్ల పేర్లే. లాంగె, రోయెరో, మోన్ఫెర్రాటో ప్రాంతాల ద్రాక్ష తోటల్ని 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇలాంటి యాత్రలో పద్ధతి ఏమిటంటే, పొద్దున పెట్టెలు గుమ్మంలో పెట్టేస్తే వ్యాను వచ్చి ఆ రాత్రి బస చేసే ఊరికి చేరుస్తుంది. మన భుజాన నీళ్ల సీసా, రెయిన్‌కోటు ఉంటే చాలు. రోజుకు పన్నెండు పదిహేను కిలోమీటర్లు. వినడానికి తేలికే. కానీ లా మొర్రా అనే ఊరు 500 మీటర్ల ఎత్తున ఉంటే బరోలో 300 మీటర్ల దగ్గర ఉంటుంది. ఎక్కడం కంటే దిగడమే మోకాళ్లకు శిక్ష. వాన పడితే అక్కడి సున్నపు బంకమట్టి బూటుకు అంగుళం మందాన పట్టేస్తుంది. మీ వ్యాసంలో ఈ బురద లేదు. ఫొటోల్లో అందరి బూట్లూ తళతళలాడుతున్నాయి.

నన్ను మొదట ఆశ్చర్యపెట్టింది దారి. అది ఎవరో రైతు తోటలోంచే, చాళ్ల పక్కనుంచే పోతుంది. కంచె లేదు, గేటు లేదు. రాయి మీదో కర్ర మీదో ఎరుపు తెలుపు పట్టీలు గీసి ఉంటాయి. ఇటలీలో నడిచేవాళ్లకు అవే గుర్తులు, పర్వతారోహకుల సంఘం పెట్టిన పద్ధతి. ఆ సంఘం 1863లో టురిన్‌లోనే పుట్టింది. మేం నడిచే పక్కనే రైతు ట్రాక్టరు తోలుకుంటూ తన పని తాను చేసుకుంటున్నాడు. కాయ ముట్టకూడదు, అదొక్కటే షరతు. మన దగ్గర బత్తాయి తోట పక్కన బండి ఆపితేనే కాపలాదారు కర్ర పట్టుకుని వస్తాడు. వాడి తప్పు కాదు, మన చేతుల సంగతి వాడికి తెలుసు.

ఇక నా ఉద్యోగ బుద్ధి. మన ద్రాక్ష పందిరి మీద పాకుతుంది. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహి తోటలు చూసినవారికి తెలుసు, కత్తిరింపు కూలీ రోజంతా మెడ ఎత్తే ఉండాలి. మనకు ఏడాదికి రెండు కత్తిరింపులు. అక్కడ నడుమెత్తు తీగల వరసలు, చలికాలంలో తీగ నిద్రపోయినప్పుడు ఒకటే పెద్ద కత్తిరింపు. మేం పోయింది సెప్టెంబరు చివర్లో. ఆకుల మీద నీలం తెలుపు మచ్చలు కనిపిస్తే మా ఆవిడ 'ఏదో తెగులు పట్టింది' అంది. బొటనవేలితో రుద్ది చూశాను. మైలతుత్తం, సున్నం. తెగుళ్లకు చల్లే మన బోర్డో మిశ్రమమే! బత్తాయికి బంక తెగులు వస్తే మొదళ్లకు బోర్డో పేస్టు పూయమని నేను ఎన్ని ఊళ్లలో అరిచానో. నా బొటనవేలు చూపించి అమ్మాయి చేత ఆ మాట గైడుకు చెప్పించాను. ఆమె ఆ ఊళ్ల మనిషే, నలభై దాటి ఉంటాయి. అప్పటిదాకా అందరికీ ఒకే పాఠం చెబుతున్న మనిషి ఆ తర్వాత నా పక్కన నడవడం మొదలుపెట్టింది.

తీగల కింద ఎండిపోయిన గుత్తులు పడి ఉన్నాయి. చేతులారా కోసి పడేసినవే. ఎందుకంటే బరోలో పేరు పెట్టాలంటే హెక్టారుకు 8 టన్నులకు మించి కాయ తీయకూడదని నిబంధన. అంటే ఎకరానికి 3.2 టన్నులు. మిగిలింది ఎండాకాలంలోనే పచ్చి గుత్తులుగా కత్తిరించి నేలపాలు చేస్తారు. మన పందిరి రైతు అంతకు రెండు మూడు రెట్లు తీస్తే తప్ప గిట్టదంటాడు. కాసిన కాయను నరుక్కోమని నేను ఏ రైతుకైనా చెప్పి ఉంటే మళ్లీ ఆ ఊరి పొలిమేర తొక్కనిచ్చేవాడు కాదు. ఆ కోసేసిన కాయకు బదులు వాళ్లు అమ్ముకునేది పేరు. కొండకు ఆ వైపు వాలు ఒక పేరు, ఈ వైపు వాలు ఇంకో పేరు. బరోలోలో 2010లో ఇలాంటి పేర్లను హద్దులు గీసి మరీ నమోదు చేశారు. కన్నూబి అనే గుట్ట పేరుతో 1752 నాటి సీసా ఒకటి ఇప్పటికీ భద్రంగా ఉంది. ఇటు మన బాలానగర్ చూడండి. సీతాఫలంలో బాలానగర్ అనేది దేశమంతా తెలిసిన రకం, ఉద్యానశాస్త్రం చదివిన ప్రతివాడూ పరీక్షలో రాసిన పేరు. ఆ కాయ ఇప్పటికీ హైవే పక్కన గంపలో, పేరూ ఊరూ లేకుండా, బేరమాడి కొనేవాళ్ల కోసం చూస్తుంటుంది.

తాగుడు సంగతికి వస్తాను, ఉత్తరం రాసిన పెద్దమనిషి కోసం. సాయంత్రాలు ఏదో ఒక తోట ఇంట్లో వైన్ రుచి చూపిస్తారు. గ్లాసు అడుగున రెండు గుక్కలు పోస్తారు. ఊపుతారు, వాసన చూస్తారు, నోట్లో పోసుకుని పుక్కిలించి పక్కనున్న కుండలో ఊసేస్తారు. ఊస్తే ఎవరూ ఏమీ అనుకోరు. నేను వాసన చూసి పక్కకు జరిపాను, దానికీ ఎవరూ ఏమీ అనుకోలేదు. మా ఆవిడ ఒక గుక్క తీసుకుంది. ఈ సంగతి ఊళ్లో చెప్పొద్దంది. పత్రికకు రాయొద్దని మాత్రం అనలేదు.

అయితే ఆ మర్యాద పుట్టుకతో వచ్చింది కాదు. 1986లో అదే ప్రాంతంలో కొందరు వ్యాపారులు చవక వైన్‌లో ఘాటు పెంచడానికి మిథైల్ ఆల్కహాల్ కలిపారు. 20 మందికి పైగా చచ్చిపోయారు, కొందరికి చూపు పోయింది. ఇటలీ వైన్ అంటేనే బయటి దేశాలు వద్దన్నాయి. గైడు దాన్ని దాచకుండా చెప్పింది. తనిఖీలు బిగిసింది, ఎక్కువ కాయ కంటే మంచి కాయ అనే మాటకు బలం వచ్చింది ఆ తర్వాతేనట. వింటుంటే నాకు మన కల్తీ కల్లు గుర్తొచ్చింది. తాటి చెట్లూ ఈత చెట్లూ తక్కువున్న చోట కల్లు ఎలా పారుతుందో పాలమూరులో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. అల్ప్రాజోలం, డైజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. దాడులు చేసి సరఫరా ఆపినప్పుడల్లా అలవాటు పడ్డ కూలీలు మతి తప్పినట్టై ఆస్పత్రుల్లో చేరతారు. వారం రోజులు వార్తలు వస్తాయి, మళ్లీ మామూలే. అసలైన చెట్టు కల్లు గీసేవాడు ఈ గొడవలో చెడ్డపేరు మోస్తాడు.

నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం గైడు వాళ్ల తాత కథ. ఆ కొండలు ఎప్పుడూ ఇంత పచ్చగా ఉన్నాయని మీ వ్యాసం చదివితే అనిపిస్తుంది. రెండో ప్రపంచయుద్ధం ముందు వెనకల ఆ ఊళ్లు పరమ దరిద్రం. ఆమె తాతను పదేళ్లకే ఇంకొకరి ఇంట్లో ఏడాది లెక్కన పనికి కుదిర్చారు. సంతలో పిల్లల్ని నిలబెట్టి బేరం కుదుర్చుకునేవారట. మన దగ్గర ఆసామి ఇంట్లో జీతం ఉండటం అంటే ఏమిటో చెప్పాల్సిన పని లేదు కదా. మా నాన్న చిన్నతనంలో జీతం ఉన్నాడు. ఆ మాట చెబితే ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు.

తిండి కూడా అంతే. మక్క పిండి ఉడికించి గట్టిగా చేసే పొలెంటా ఇప్పుడు హోటల్లో వెన్న, జున్ను వేసి తెస్తారు. మన మక్క గట్క లాంటిదే. ఒకప్పుడు ఉత్తర ఇటలీ పేదలకు పొద్దునా రాత్రీ అదొక్కటే. దానివల్ల పెల్లాగ్రా అనే జబ్బు వచ్చి చర్మం పెట్లి, మతి చెడి లక్షణంగా బతకాల్సినవాళ్లు మంచం పట్టారు. ఆ జబ్బు మన తెలంగాణకు కొత్త కాదు. జొన్న మీదే బతికే మన పేదల్లో అదే జబ్బు మీద హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్ బృందం 1960లలో పరిశోధన చేసింది. సముద్రాలకు అటూ ఇటూ ఒకే రకం ఆకలి.

ఆ పేదరికం నుంచి వాళ్లు ఎలా బయటపడ్డారన్నది ఇంకా ముఖ్యం. చాలామంది కొండలు వదిలేసి టురిన్‌లో ఫియట్ కార్ల ఫ్యాక్టరీకి పోయారు. కానీ ఆల్బాలో ఫెర్రేరో అనే మిఠాయి కంపెనీ ఉంది. నుటెల్లా అంటే మీ పిల్లలకు తెలుస్తుంది. 1946లో మొదలైన ఆ కంపెనీ కొండ ఊళ్లకు తన బస్సులు పంపి జనాన్ని పొద్దున తెచ్చి, పని అయ్యాక ఇంటి దగ్గర దింపేది. జీతం ఫ్యాక్టరీది, ఇల్లూ పొలమూ ఊళ్లోవే. పొలం బీడు పడలేదు, తీగ చావలేదు, ముసలివాళ్లు ఒంటరి కాలేదు. మాకూ ఒక బస్సు ఉండేది, సార్. నారాయణపేట, మక్తల్ వైపు నుంచి పోయే బొంబాయి బస్సు. అది ఎక్కినవాళ్లు ఏ పండక్కో తప్ప తిరిగి వచ్చేవారు కాదు. దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా పాలమూరు లేబర్ ఉంటుందని మనం గొప్పగా చెప్పుకుంటాం. అందులో గొప్ప ఏముందో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

బార్బరెస్కోలో ఇంకో సంగతి చూశాను. 1958లో ఆ ఊరి చర్చి ఫాదరు 19 మంది చిన్న రైతుల్ని కూర్చోబెట్టి సహకార సంఘం పెట్టించాడు. విడివిడిగా వ్యాపారికి కాయ అమ్మితే వాడు చెప్పిందే ధర, కలిసి వైన్ చేసి అమ్ముకుందాం అన్నాడు. మొదటి మూడేళ్లు వైన్ చేసింది చర్చి కింది గదిలోనే. ఆ సంఘం ఇప్పటికీ నడుస్తోంది, దాని సీసాలకు మంచి పేరుంది. బత్తాయి టన్నుకు ఇంత తరుగు అని వ్యాపారి కోస్తుంటే నోరు మూసుకుని నిలబడ్డ రైతుల్ని నేను నల్లగొండలో ఎందరినో చూశాను. మన దగ్గరా రైతు ఉత్పత్తిదారుల సంఘాలు వచ్చాయి. సబ్సిడీ వచ్చేటప్పుడు బోర్డు కడతారు, కాయ వచ్చేటప్పుడు ఎవరి దారి వారిది. అన్నీ అలాగే అని అనను, కొన్ని బాగా నడుస్తున్నాయి.

ఇప్పుడు మీరు కత్తిరించకూడని భాగం. సెర్రలుంగా అనే ఊరి దగ్గర ఒక వాలులో పది పన్నెండు మంది కాయ కోస్తున్నారు. చేతి కత్తెర, ఎర్ర ప్లాస్టిక్ ట్రేలు, ట్రే నిండగానే చాలు చివరికి మోసుకుపోవడం. ట్రే ఎత్తేటప్పుడు ఒకతను నడుం మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగి లేచాడు. ఆ ఆగడం నేను మన నాట్ల కూలీల్లో చూసిందే. వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేది ఇటాలియన్ కాదు. గైడును అడిగాను, వీళ్లెవరు, కూలి ఎంత, తెచ్చేదెవరు అని. బృందంలో మిగతావాళ్లు నన్ను వింతగా చూశారు. వాళ్లు అడిగింది ఏ ఏడాది వైన్ మంచిది అని. గైడు తడబడింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఉత్తర మాసిడోనియా, బల్గేరియా, ఆఫ్రికా దేశాల నుంచి వచ్చినవాళ్లు. కొందరు అక్కడే స్థిరపడి ఇళ్లు కట్టుకున్నారు. కొందర్ని కోతల కాలానికి మధ్యవర్తులు తెస్తారు. మధ్యవర్తి కూలిలో కోత కోయడం, ఒక్కో గదిలో కిక్కిరిసి పడుకోబెట్టడం ఉందని, పోలీసు కేసులు కూడా అయ్యాయని చెప్పింది. మన గుంపు మేస్త్రీయే! ఇటలీలో 2016లో దీని మీద గట్టి చట్టం చేశారు. మేస్త్రీనే కాదు, వాడి ద్వారా కూలీల్ని దోపిడీ చేసే యజమానిని కూడా శిక్షించవచ్చు. అయినా ఆగలేదని ఆమే అంది. మనకు అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లోనే వచ్చింది. దాని గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

తాతను సంతలో బేరం పెట్టిన కొండలు ఇవాళ ఇంకో దేశపు మనవల్ని బేరమాడుతున్నాయి. ఇది చదివి ఇటలీని తిట్టుకోకండి. కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు ఎత్తిపోతల నీళ్లు వచ్చాక మన పాలమూరులో వరి ఎంత పెరిగిందో చూస్తున్నాం, సంతోషం. నాట్లు వేసేది ఎవరు? బీహార్ నుంచి రైలెక్కి వచ్చిన కుర్రాళ్లు. వాళ్లు పశువుల కొట్టాల్లో, బడి వరండాల్లో పడుకుంటారు. బొంబాయిలో మన వాళ్లు పడుకున్నట్టే.

కాబట్టి అలాంటి యాత్రకు వెళ్లొచ్చా అంటే, వెళ్లండి. ఏసీ బస్సులోంచి చూస్తే ఆ కొండలు క్యాలెండరు బొమ్మలు. నడిస్తేనే మైలతుత్తం కనపడుతుంది, కూలీ నడుం కనపడుతుంది. గైడు ఊరి మనిషై ఉండాలి, అది ముందే అడగండి. సీసాల పేర్లు వల్లించే గైడు అయితే డబ్బు దండగ. కొండకొసల మీద రాక్షసులకు చేయించినంత పెద్ద బెంచీలు పెట్టారు, 2010లో క్రిస్ బ్యాంగిల్ అనే కార్ల డిజైనర్ మొదలుపెట్టిన సరదా అది. నాకు నచ్చలేదు. మా ఆవిడ ఎక్కి కాళ్లు ఊపుతూ ఫొటో దిగింది.

ఖర్చు ఎంతో మా అమ్మాయి నాకు చెప్పలేదు, నేను గట్టిగా అడగలేదు. వీసాకు ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. మాంసం తిననివారు ముందే చెప్పుకోవాలి. కూరగాయలు ముంచుకు తినే బాన్యా కౌడాలో చేపలుంటాయి, తాజారిన్ అనే సన్న సేమ్యాలో గుడ్డు పచ్చసొన ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవారు రెండు చేతికర్రలు తీసుకెళ్లండి, సిగ్గుపడొద్దు, అక్కడ ఇరవై ఏళ్ల వాళ్లు కూడా పట్టుకుంటారు.

మీ పత్రికకు ఒక్క విన్నపం. ఇటలీకి విలేకరిని పంపగలిగారు కదా, వచ్చే వానాకాలం నాట్లప్పుడు వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు కూడా ఒకరిని పంపండి. కారులో కాదు, గట్ల మీద నడిపించండి. బీహార్ పిల్లల్ని తెచ్చే మేస్త్రీ ఎవరు, ఎకరానికి రైతు ఎంత ఇస్తున్నాడు, అందులో వాళ్ల చేతికి ఎంత అందుతోంది, జ్వరం వస్తే ఎవరు చూస్తున్నారు అన్నది అడిగి రాయించండి. అనుబంధంలో ఆ రెండు పేజీలూ ఇవ్వండి, ఫొటోలతో సహా.

ఇట్లు,
రిటైరైన ఉద్యానశాఖ ఉద్యోగి,
మహబూబ్‌నగర్